పాడి వదిలిన మాస్టారు

నిడదవోలుకి ఆరు మైళ్ళ దూరంలో, కాలవ పక్కనున్న ఒక హైస్కూల్లో సూర్యప్రకాశం గారు ఇరవై తొమ్మిదేళ్ళు లెక్కలు చెప్పారు. ఊళ్ళో జనం ఆయన్ని లెక్కలకంటే జ్ఞాపకశక్తికే ఎక్కువ గౌరవించేవారు. హాజరుపట్టీ తెరవకుండానే యాభై మంది పేర్లూ వరసగా పిలిచేవారు. పదేళ్ళ కిందట చదువు ముగించుకుని వెళ్ళిపోయినవాడు బస్సులో ఎదురైనా సరే, "నువ్వు దుర్గాసాయివి కదూ, మూడో బెంచీలో గోడవైపు కూర్చునేవాడివి" అనేవారు. ఆ మాటకి ఎదుటివాడి మొహం విప్పారడం చూస్తే ఆయనకి కడుపు నిండిపోయేది. అలాంటి జ్ఞాపకం ఈ చుట్టుపక్కల మరెవరికీ లేదని ఆయనకి తెలుసు. ఉండకూడదని కూడా ఆయన కోరిక.

తొంభై ఏడు వేసవిలో భార్య హైమవతిగారితో, మరో పదిమంది బంధువులతో కలిసి కాశీ వెళ్ళారు. కాశీలో తమకిష్టమైన కాయనో పండునో వదిలిపెట్టి రావడం ఆనవాయితీ. ఆయన బావమరిది కాకరకాయ వదిలేశాడు. ఊహ తెలిశాక అతను దాన్ని ముట్టింది లేదు. అందరూ పకపకా నవ్వారు. తను కూడా ఏ పొట్లకాయో వదిలేసి ఆ గుంపులో ఒకడైపోవడం సూర్యప్రకాశం గారికి నచ్చలేదు. గడ్డపెరుగు లేకపోతే భోజనం చేసినట్టే ఉండని మనిషి, మోకాలి లోతు గంగలో నిలబడి, "పాడి వదిలేస్తున్నాను. పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి, మొత్తం" అన్నారు. ఒడ్డున నవ్వులు ఆగిపోయాయి.

"ఒక్క కాయ చాలన్నారు కదండీ పంతులుగారు!" అని హైమవతిగారు లబలబలాడారు. అప్పటికే అయిపోయింది.

ఆ తరవాత నాలుగేళ్ళూ ఆయనకి అదో బిరుదులా పనిచేసింది. పెళ్ళిళ్ళలో, ఒడుగుల్లో పెరుగు వడ్డించేవాడు వచ్చే వేళకి ఆయన విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేవారు. పక్కవాడు కారణం అడిగేవాడు. ఆయన కాకుండా ఆ పక్కనున్నవాడు చెప్పేవాడు. అది వింటూ చారన్నంతో లేచిపోయేవారు. కాఫీ మానేశారు. పప్పూ కూరా ఉన్నాయి, పెరట్లో తోటకూర ఉంది, ఇంకేం కావాలి?

తొంభై తొమ్మిదిలో డ్రిల్లు మాస్టారుగా లోవరాజు ఆ స్కూలుకి బదిలీ మీద వచ్చారు. ఈయనకంటే నాలుగేళ్ళు చిన్న. నల్లగా, నిటారుగా, మెళ్ళో ఈలతో ఉండేవారు. మధ్యాహ్నం కేరియర్ విప్పితే అడుగు గిన్నెలో చేపల పులుసో, కోడిగుడ్ల కూరో ఉండేది. సూర్యప్రకాశం గారి మీద గౌరవం కొద్దీ ఆ గిన్నె పట్టుకుని వరండాలోకి పోయి తినేవారు. పెరుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం స్టాఫ్ రూములోకి వచ్చి కూర్చునేవారు. సొంత గేదె పాలు. గిన్నె బోర్లించినా కదలని పెరుగు. దాన్ని అన్నంలో కలిపి, ఉప్పేసి, మాగాయ టెంక చీకుతూ తింటుంటే సూర్యప్రకాశం గారు దిద్దే పేపర్లలోంచి తలెత్తకుండా గుటకలు మింగేవారు. ఎవరిమీదా లేనంత కోపం ఆ పెరుగు గిన్నె మీద వచ్చేది. గిన్నె మీద కోపం మనిషి మీదికి మళ్ళడానికి ఎన్నాళ్ళో పట్టలేదు.

రెండు వేల ఒకటిలో ఆయనకి అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలయ్యాయి. నేల మీద కాక దూది మీద నడుస్తున్నట్టుండేది. నాలుక ఎర్రబడి, చారు తగిలినా భగ్గుమనేది. అన్నిటికంటే ఆయన్ని భయపెట్టింది పేర్లు జారిపోవడం. ఎదురుగా ఉన్న పిల్లవాడి పేరు పెదాల దాకా వచ్చి ఆగిపోయేది. ఊళ్ళో డాక్టరు షుగరు పరీక్ష చేయించి, లేదని చెప్పి, వయసు మీద పడుతోందని బలానికి టానిక్కు రాసిచ్చాడు. పేర్ల సంగతి మాత్రం ఆయన డాక్టరుకీ చెప్పలేదు, భార్యకీ చెప్పలేదు. చిన్న కాగితం మీద పేర్లు రాసుకుని జేబులో పెట్టుకోవడం మొదలుపెట్టారు.

ఆ ఏడు పంద్రాగస్టుకి స్కూల్లో చదివి ఎమ్మార్వో అయిన పూర్వవిద్యార్థి ముఖ్య అతిథిగా వచ్చాడు. పరిచయం చేయవలసింది సూర్యప్రకాశం గారే. మైకు ముందుకెళ్ళి, "ఈ అబ్బాయి నా దగ్గర..." అని మొదలుపెట్టారు. పేరు రాలేదు. జేబులో చెయ్యి పెడితే కాగితం లేదు. పొద్దున్నే చొక్కా మార్చుకున్నారు, కాగితం పాతదాంట్లో ఉండిపోయింది. మైదానం నిండా పిల్లలు. ఎవరో కిసుక్కుమన్నారు.

వెనకనించి లోవరాజు మెల్లిగా అందించారు. "బుల్లిరాజు అండి. డెబ్భై ఎనిమిది బ్యాచి."

లోవరాజు ఈ ఊరొచ్చి రెండేళ్ళు. ఆ అబ్బాయికి ఒక్కరోజు కూడా పాఠం చెప్పలేదు. ఆహ్వానపత్రం చదివి గుర్తుపెట్టుకున్నారంతే. సూర్యప్రకాశం గారు ఆ పేరు పలికి, సభ నడిపించారు గాని, ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం ముట్టలేదు. తన సొత్తును తన కళ్ళెదుటే ఇంకొకడు వాడుకున్నట్టు అనిపించింది. ఆ మనిషి కాళ్ళు చూడు, పిల్లలతో సమానంగా పరిగెత్తుతాడు! ఆ తిండి చూడు! ఏ నియమం లేనివాడికి ఇన్నీ ఉండి, ఇంత నిష్ఠగా ఉన్న తనకి ఇదేంటి?

లోవరాజు నెలకోసారి, రెండో శనివారం యానాం వెళ్ళొచ్చేవారు. అక్టోబరులో హెడ్మిస్ట్రెస్ జ్ఞానమ్మ గారు జిల్లా ఆటల పోటీలకి పిల్లల్ని ఏలూరు ఎవరితో పంపాలో మాట్లాడుతూ, "లోవరాజు గారే వెళ్తారు కదా, ఆడపిల్లల ఖోఖో జట్టు ఆయన తయారుచేసిందే" అన్నారు.

సూర్యప్రకాశం గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "మంచిదేనండి. ఆయనకి నెలకోసారి యానాం వెళ్ళే అలవాటుంది. అక్కడ ఏది చవగ్గా దొరుకుతుందో మనకెందుకులెండి. ఆడపిల్లలు కదా అని..." అన్నారు.

అంతే అన్నారు. సారా అన్లేదు, బ్రాందీ అన్లేదు. జ్ఞానమ్మ గారు మందు వాసనే గిట్టని మనిషి. పోటీలకి సైన్సు మేడంని పంపారు. ఏడాదంతా పొద్దున్నే ఆరింటికి వచ్చి పిల్లల్ని పరిగెత్తించిన లోవరాజు, బస్సు కదిలేటప్పుడు గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపారు. సూర్యప్రకాశం గారు క్లాసు కిటికీలోంచి చూశారు. హాయిగా ఉంటుందనుకున్నారు. ఉంది కూడా, ఓ పావుగంట.

డిసెంబరులో ఒక సాయంత్రం ఆయన బడి వదిలాక కాలవ గట్టు మీద ఇంటికి వెళ్తున్నారు. వెనకనించి సైకిలు బెల్లు. లోవరాజు దిగి, చేతిలోని చెప్పు ముందుకి చాపారు.

"మీదేనండి. వంతెన దగ్గర జారిపోయింది."

సూర్యప్రకాశం గారు కిందికి చూసుకున్నారు. ఎడమ కాలికి చెప్పు లేదు. వంతెన దగ్గర్నించి ఫర్లాంగు దూరం ఉత్త కాలితో కంకర మీద నడిచారు. మడమ దగ్గర నెత్తురు కూడా ఉంది. ఆయనకేమీ తెలీలేదు.

"మాస్టారండీ, కోప్పడకండి. ఓసారి పాదాలు దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడతారా?"

"నేనేమన్నా మీ డ్రిల్లు క్లాసు పిల్లాణ్ణా?"

"కాదండి. పొద్దున్న ప్రార్థనప్పుడు అందరూ కళ్ళు మూసుకుంటారు. పిల్లలు అల్లరి చేస్తారని నేను మూసుకోను. నెలరోజుల్నించి చూస్తున్నాను. మీరు కళ్ళు మూసుకున్నప్పుడల్లా తూలుతున్నారు. తెరిస్తే సర్దుకుంటున్నారు. ఇది వయసు కాదండి, ముప్పై ఏళ్ళుగా కాళ్ళు చూడటమే నా పని. ఆదివారం రాజమండ్రి వెళ్దాం, ఆయ్."

వద్దందామనుకున్నారు. చెప్పు తొడుక్కోబోతే పాదానికి అది తగిలినట్టే తెలియలేదు. అప్పుడు భయం వేసింది.

రాజమండ్రిలో అనంతకృష్ణ గారని నరాల డాక్టరు. సుత్తితో మోకాళ్ళు తట్టి, శ్రుతిదండం మోగించి కాలి వేళ్ళ మీద పెట్టి చూశాడు. అదురు తెలియడం లేదన్నారు సూర్యప్రకాశం గారు. నాలుక చాపమన్నాడు. నున్నగా, ఎర్రగా ఉంది. అప్పుడు అడిగాడు, "ఏం తింటారండి?"

చెప్పారు. కాశీ సంగతి కూడా చెప్పారు, కాస్త గర్వంగానే.

డాక్టరు కలం కింద పెట్టేశాడు. "బి ట్వెల్వ్ అని ఒక విటమిను ఉందండి. నరాలకీ రక్తానికీ అది కావాలి. ఆకుకూరలు ఎన్ని తిన్నా, పప్పు ఎంత తిన్నా అది దొరకదు. చేపలో ఉంటుంది, గుడ్డులో ఉంటుంది, పాలల్లో, పెరుగులో ఉంటుంది. మాంసం తినని మనకి పాడి ఒక్కటే ఆధారం. మీరు ఆ ఒక్కటీ వదిలేశారు. లివర్లో కొన్నేళ్ళకి సరిపడా నిలవ ఉంటుంది కాబట్టి ఇన్నాళ్ళూ తెలీలేదు. రక్తం హైదరాబాదు పంపిస్తాను. కాని ఇంజక్షన్లు ఇవాళే మొదలుపెడదాం."

"పేర్లు మర్చిపోతున్నాను. అది కూడా దీనివల్లేనా?" లోవరాజు వినకూడదని గొంతు తగ్గించి అడిగారు.

"చాలామటుకు దీనివల్లే కావచ్చు. ఇంకో ఏడాది ఆగి వచ్చుంటే నేనేం చెప్పలేకపోయేవాణ్ణి. మిమ్మల్ని తీసుకొచ్చినాయనకి దణ్ణం పెట్టండి."

ఆ మాట ఇంజక్షన్ సూదికంటే గట్టిగా దిగింది. తనని కాపాడటానికి ఈ భూమ్మీద మరో మనిషే దొరకలేదా అనుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సు గోదావరి మీదికెక్కింది. ఆయన ఉన్నట్టుండి అడిగారు.

"యానాంలో ఎవరున్నారండి మీకు?"

"మా అక్క తలుపులమ్మండి. పక్షవాతం వచ్చి మంచాన పడింది. మా బావ పోయాడు. నెలకి సరిపడా మందులూ బియ్యం ఇచ్చి, ఓ పూట దాని దగ్గర కూర్చుని వస్తాను. నన్ను తప్ప ఎవర్నీ గుర్తుపట్టదు."

సూర్యప్రకాశం గారు కొవ్వూరు వచ్చేదాకా నీళ్ళకేసే చూస్తూ కూర్చున్నారు.

ఇంటికెళ్ళాక హైమవతిగారు సంగతంతా విని వంటింట్లోకి వెళ్ళిపోయారు. కంచంలో అన్నం, దాని మీద పెరుగు వేసి తెచ్చి ముందు పెట్టారు.

"మొక్కు..." అన్నారాయన. "మాత్రలు వేసుకున్నా సరిపోతుందిట."

"విశ్వనాథుడు మిమ్మల్ని కాళ్ళు కూడా వదిలెయ్యమన్నాడా? నలుగురూ మెచ్చుకోవాలని వదిలారు. అది మొక్కెలా అవుతుందండీ? తినండి."

నాలుగున్నరేళ్ళలో ఆవిడ ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆయన తిన్నారు. మండే నాలుకకి చల్లగా తగిలింది. కళ్ళు తుడుచుకోలేదు, ఆవిడా చూడనట్టే ఉన్నారు.

మర్నాడు జ్ఞానమ్మ గారి గదిలోకి వెళ్ళి, యానాం విషయంలో తను అన్నది అబద్ధమని, కుళ్ళుతో అన్నానని చెప్పారు. "నాకు చెప్పి ఏం లాభం మాస్టారూ? విచారించకుండా నమ్మడం నా తప్పు. నేను ఆయనతో మాట్లాడతాను. మీరూ మాట్లాడాలి" అన్నారావిడ.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో, అందరి ముందూ నిలబడి చెప్పారు. లోవరాజు పెరుగన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది.

"పిల్లలు ఓడిపోయొచ్చి నా దగ్గర ఏడ్చారండి," అన్నారు. "మీరెందుకు రాలేదు సార్ అనడిగితే ఏం చెప్పాలో నాకు తెలీలేదు. నాకు జరిగింది నేను మర్చిపోతాను. వాళ్ళకి మీరే చెప్పుకోండి."

చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం తొమ్మిది మంది ఆడపిల్లల్ని మైదానంలో కూర్చోబెట్టి, యాభై నాలుగేళ్ళ సూర్యప్రకాశం గారు చెయ్యవలసిన పని చేశారు. జట్టు నాయకురాలు హారతి, "మా సార్‌ని అలా ఎందుకన్నారండి?" అని సూటిగా అడిగింది. "ఆయనలా నేను లేననమ్మా" అన్నారు. పిల్లలకి అది అర్థమైందో లేదో గాని, ఎవరూ నవ్వలేదు.

ఎర్రటి ఇంజక్షన్లు మొదట రోజు విడిచి రోజు, తరవాత వారానికోటి, ఆపైన నెలకోటి పడ్డాయి. నాలుక మంట పది రోజుల్లో తగ్గింది. ఉగాది నాటికి నడక నిలకడ చిక్కింది. పేర్లు చాలావరకు తిరిగొచ్చాయి. ఎడమ కాలి చివరి రెండు వేళ్ళలో మాత్రం స్పర్శ పూర్తిగా రాలేదు. డాక్టరు ముందే చెప్పాడు, ఆలస్యమైందని.

లోవరాజు మళ్ళీ ఆయనతో మామూలుగా మాట్లాడటానికి ఎండాకాలం సెలవలు గడవాల్సి వచ్చింది. మరుసటేడు జట్టుని ఏలూరు తీసుకెళ్ళింది ఆయనే. రెండో స్థానం వచ్చింది. సూర్యప్రకాశం గారు బస్టాండుకి వెళ్ళి జట్టు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డారు. పిల్లలు బస్సు దిగుతూనే లోవరాజు చుట్టూ మూగి ఒకటే గోల. అది చూస్తుంటే ఆయన గుండెలో పాత బాధ మళ్ళీ కలుక్కుమంది. ఈసారి దాన్ని గుర్తుపట్టారు. దాన్ని అక్కడే ఉండనిచ్చి, పిల్లల సంచులు రెండు అందుకుని ముందు నడిచారు.