పైపుకి ఇవతలి కొస

మా మేనల్లుడు ఒకసారి నీళ్ళ పైపు పట్టుకుని, నిండు ట్యాంకు ఉన్న వ్యానుని నాలుగు గజాలు వెనక్కి ఈడ్చుకొచ్చాడు. కావాలంటే ప్రమాణం చేస్తాను. ఈడ్చాడంటే మరీ ఈడ్చలేదనుకోండి. వ్యాను కదలలేదు. కానీ వ్యానులోని మోటారు లాగుతుంటే మా వాడూ కదలలేదు. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు నన్ను మోకాళ్ళ మీద నిలబెట్టి నేర్పింది ఇదే: అబద్ధమాడితే వెనక్కి తీసుకో. సగం మాత్రమే తీసుకోవడం నా సొంత అలవాటు.

మా వాడి పని పెద్దపెద్ద భవనాల అద్దాలు కడగడం. వీధిలో అందరికీ అలాగే చెబుతాను గానీ, వాడు జన్మలో ఒక్క అద్దం ముట్టుకోలేదు. కడిగేది వాడి బావమరిది. నిచ్చెనలు వేసుకునే రోజులు పోయాయి. వ్యాను వెనక ట్యాంకులో ఉప్పు తీసేసిన నీళ్ళుంటాయి. అవి పైపులోంచి పొడవాటి కర్ర వెంట పైకెక్కి, కొసనున్న బ్రష్షులోంచి చిమ్ముతాయి. బావమరిది నేల మీద నిలబడే మూడో అంతస్తు అద్దాలు తోముతాడు. తుడవక్కర్లేదు, ఆ నీళ్ళు ఆరితే మరక మిగలదు.

మరి మా వాడో? పైపు చూసుకుంటాడు. నవ్వకండి. వ్యానుకీ కర్రకీ మధ్య ఆ పైపు మెట్లు దిగాలి, పూలకుండీలు పడగొట్టకుండా మూలలు తిరగాలి, నడిచేవాళ్ళ కాళ్ళకి చుట్టుకోకూడదు, మెలిక పడకూడదు. మెలిక పడిందా, పైన బ్రష్షు ముసలాడి ముక్కులా బొట్టు బొట్టు కారుస్తుంది. పని అయ్యాక పైపుని తడిగుడ్డతో తుడుస్తూ రీలుకి చుట్టాలి. చుట్టి చుట్టి మా వాడికి ‘చుట్టల బావ’ అని పేరొచ్చింది. పాపం, పొగ చుట్ట ఏనాడూ నోట పెట్టి ఎరగడు.

ఒకరు భవనానికి ఇటు, ఒకరు అటు. మధ్యలో పంపు రొద. అరిచినా వినపడదు. అందుకని పైపే వాళ్ళకి నోరు. రెండుసార్లు లాగితే ‘ఇంకాస్త వదులు’ అని. ఒక్కసారి గట్టిగా లాగితే ‘ఆగు, కదలకు’ అని. ఆగమన్నప్పుడు ఎందుకని అడగకూడదు. అది వాళ్ళిద్దరి కట్టుబాటు. మా వాడి పెళ్ళాం అయితే, “ఈయన్ని ఇంట్లో పేరు పెట్టి పిలిచినా పలకడు, చొక్కా పట్టుకుని రెండుసార్లు లాగాలి” అనేది.

ఎక్కడ పనికి వెళ్ళినా బావమరిది అక్కడివాళ్ళకి ముందుగా చెప్పే మాట ఒకటుంది: “ఈయన మా బావగారండీ. పైపు ఈయన చేతిలో ఉంటే నేను వెనక్కి తిరిగి చూడను.” ఆ ఒక్క మాట మీద మా వాడు ఎండా వానా చూడకుండా బతికేశాడు.

తరవాత మోటారు రీలు వచ్చింది.

“బావా, ఇటు చూడు. నడుముకి రిమోటు. మీట నొక్కితే అదే చుట్టుకుంటుంది, అదే వదులుతుంది. నువ్వింక ఇంట్లో హాయిగా కూర్చో.”

“హాయిగా కూర్చోడానికి నాకేం రోగం?”

“నడుం నెప్పన్నావుగా మొన్న.”

“నెప్పన్నానురా. నన్ను తీసేయమన్నానా?”

ఇంటికెళ్ళి పెళ్ళాంతో చెప్పుకుంటే ఆవిడ తమ్ముణ్ణే వెనకేసుకొచ్చింది. “వాడు మీ మంచికేగా చెప్పింది! రాత్రిళ్ళు మూలిగేది మీరు, నూనె రాసేది నేను.” మా వాడు మర్నాడు పొద్దున్నే బావమరిది దగ్గరికి వెళ్ళి, మొదటిరోజు నేనూ వస్తానని బతిమాలుకున్నాడు.

“రా. కానీ దేన్నీ ముట్టుకోకు బావా. నాకు దాంతో అలవాటవ్వాలి.”

వ్యాను ముందు సీట్లో, మా వాడు ఎప్పుడూ కూర్చునే చోట, కొత్త రీలు వచ్చిన అట్టపెట్టె కూర్చుంది. మా వాడు వెనక ట్యాంకు పక్కన ముడుచుకున్నాడు.

ఆ రోజు పని ఒక ఆఫీసు భవనం దగ్గర. బావమరిది కర్ర ఎత్తుకుని మూల తిరిగి అవతలికి వెళ్ళాడు. మా వాడు వ్యాను పక్కన బకెట్టు బోర్లించి కూర్చున్నాడు. అక్కణ్ణించి చూస్తుండగానే, మూల దగ్గర ఆగి ఉన్న కారు ముందు టైరు కిందికి పైపు జారి దూరింది. అలా దూరిన పైపుని లాగేకొద్దీ బిగుసుకుంటుంది. వంగి చేత్తో వెనక్కి తీస్తే క్షణంలో వచ్చేస్తుంది. మా వాడు చూశాడు. లేవలేదు. ముట్టుకోవద్దన్నాడుగా! మహాయంత్రం ఏం చేస్తుందో చూద్దామని కాలు మీద కాలేసుకున్నాడు.

కాసేపటికి మోటారు గుర్రుమంది. వ్యాను నుంచి టైరు దాకా పైపు విల్లు తాడులా బిగిసింది. అవతల బావమరిది కాళ్ళ దగ్గర మాత్రం వదులు పైపు వదులుగానే పడి ఉంది. ఇంకా చుట్టుకోలేదేమని వాడు మీట నొక్కుతూనే ఉన్నాడు. అప్పుడు తట్టింది మా వాడికి. టైరు కింద నుంచి ఊడిందంటే ఆ వదులంతా ఒక్కసారిగా పరిగెడుతుంది. కర్ర ఎక్కే ముందు ఆ పైపు బావమరిది నడుం పట్టీకి తగిలించి ఉంది. వాడి చేతుల్లో మూడంతస్తుల కర్ర ఉంది.

“ఒరేయ్, ఆగరా!” అని అరుస్తూ పరిగెత్తాడు. పంపు రొదలో ఎవరికి వినపడుతుంది? టైరుకి అవతలి పక్క పైపు అందుకుని ఒక్కసారి, గట్టిగా లాగాడు.

మోటారు ఆగలేదు. ఇంకా గట్టిగా గుర్రుమంది. పైపు ఊడింది.

మా వాడు కారు చక్రానికి కాలు తన్నిపెట్టి పట్టుకున్నాడు. అరచేతుల తోలు పైపుతో పాటు కొంత దూరం వెళ్ళింది. కానీ పైపు ఆగింది. అవతల బావమరిది ఒక అడుగు తూలాడు, అంతే. కర్ర మాత్రం చేజారి, మొదటి అంతస్తు అద్దాన్ని బద్దలు కొట్టింది.

ఆఫీసు మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. “ఏంటిది? ఎవరు చేశారు?”

బావమరిది గాజుపెంకుల వంక చూశాడు. మా వాడి వంక చూడలేదు. “మా మనిషి పైపు లాగేశాడండీ. కొత్త మిషను కదా, ఆయనకి తెలీదు.”

బావగారు కాదు. మా మనిషి.

మా వాడు చేతులు ప్యాంటుకి తుడుచుకుని, “అవునండీ, నేనే లాగాను” అన్నాడు. పెంకులన్నీ ఏరి బకెట్లో వేసి, బస్సెక్కి ఇంటికొచ్చేశాడు. మళ్ళీ ఆ వ్యాను ఎక్కలేదు, ఎక్కమని ఎవరూ అనలేదు.

కొన్నాళ్ళకి బావమరిది మా ఇంటి మెట్ల మీద కూర్చుని చాలాసేపు గోళ్ళు కొరికాడు.

“పెద్దాయనా, బావ లాగింది నాకు తెలిసింది.”

“ఒక్కసారేనా?”

“ఒక్కసారే. ఆగమని.”

“మరి ఆగలేదేం?”

“మిషను మీద కుళ్ళుకొద్దీ ఆపమంటున్నాడనుకున్నా. కావాలనే ఇంకా నొక్కిపట్టా.”

“ఆ ముక్క వాడితో చెప్పి ఏడవరాదూ?”

“చెబితే మళ్ళీ పనిలోకి రమ్మనాలి కదా” అని లేచి వెళ్ళిపోయాడు.

మా వాడు ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడు. బట్టలారేసే తాడు, ఫ్యాను తీగ, ఆఖరికి పెళ్ళాం ఊలు దారం, ఏది చేతికి దొరికినా మెలిక లేకుండా చుట్టి పెడతాడు. ఆవిడ విప్పుకుంటుంది, వాడు మళ్ళీ చుడతాడు.

ఇదంతా రాసి వాడికి చదివి వినిపించాను. ఇస్త్రీపెట్టె తీగ చుడుతూ చివరిదాకా విన్నాడు.

“ఇందులో ఒక్క ముక్క నిజం లేదు మామయ్యా. పైపు టైరు కిందికి పోలేదు. నేను లాగలేదు, వాడు నొక్కలేదు. ఆ అద్దం మేం వెళ్ళేటప్పటికే పగిలి ఉంది. నా అంతట నేనే మానేశాను.”

“మరి ఆ అరచేతులు?”

“ఏ అరచేతులు?” అన్నాడు, తీగచుట్ట కింద వాటిని దాచుకుంటూ.