గిటారుకి పీఓహెచ్

ఖరగ్‌పూర్‌లో మా ట్రాఫిక్ కాలనీకంతటికీ గిటారు గురించి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అని ఆ రోజుల్లో పేరు. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం. రైల్వే ఇన్‌స్టిట్యూట్ ఫంక్షన్‌లో ఒకసారి ఎవరిదో గిటారు మెడలో వేసుకుని, నాకొచ్చిన మూడు కార్డ్‌లతో మూడు హిందీ పాటలు లాగించాను. మూడూ ఒకే పాటలా వినిపించాయని మా ఆవిడ అంది. జనం మాత్రం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు పట్టుకుని నేను చాలా ఏళ్లు బతికేశాను. అసలు నా ఉద్యోగం వర్క్‌షాపులో, బోగీలు బాగుచేసే సెక్షన్‌లో ఫిట్టరు.

మా పక్క క్వార్టర్లో ఒక రైలు గార్డుగారు ఉండేవారు. భీమిలి వైపు నుంచి వచ్చి రెండు తరాలుగా ఇక్కడే పాతుకుపోయిన క్రైస్తవ కుటుంబం. ఆయన దగ్గర నిజమైన అమెరికా ఎలక్ట్రిక్ గిటారు ఉండేది. ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఆస్ట్రేలియా వెళ్లిపోతూ ఆయనకి అమ్మి పోయాడు. అప్పటికే అది బాగా పాతది. డ్యూటీ లేని ఆదివారాలు ఆయన తలుపేసుకుని తనకోసమే వాయిస్తూంటే, గోడకి ఇవతల కూర్చుని నేను కుళ్లుకునేవాణ్ణి.

ఆయన గుండెపోటుతో పోయారు. ఆరు నెలల్లో క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఆయన భార్యని నేను అక్కా అనేవాణ్ణి. తాల్‌బగీచాలో రెండు గదుల అద్దె ఇల్లొకటి ఆవిడకి నచ్చింది. ఇంటాయన అడిగిన అడ్వాన్సుకి గిటారు తప్ప వేరే దారి లేదు. గిటారు మంచి ధరకి పోతే సొంతంగా బతకొచ్చు. లేదంటే ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని పూరీ గేట్ దగ్గర మరిది ఇంట్లో ఒక మూల సర్దుకోవాలి. ఆ ఇంట్లో తోడికోడలికీ ఆవిడకీ ఉప్పూ నిప్పూ.

కలకత్తా హోటల్లో వాయించే ఒక బెంగాలీ అతనికి ఈ గిటారు సంగతి ఎలాగో తెలిసింది. తను విన్నట్టే ఉంటే ఇంతకి తీసుకుంటానని ఉత్తరం రాశాడు. అక్క ఆ ఉత్తరమూ, గిటారూ రెండూ పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"తమ్ముడూ, ఈ రేటు సరైందేనా, లేపోతే ఆడదాన్నని మోసం సేత్తన్నాడా? నువ్వు తెలిసినోడివి. సూసి సెప్పు."

చూశాను. బల్ల మీద పడుకోబెట్టి వేలి కణుపుతో అక్కడక్కడా కొట్టి చెవి పెట్టాను. రైలు చక్రంలో పగులుందేమోనని మా వాళ్లు సుత్తితో కొట్టి వింటారు. చక్రమైనా గిటారైనా పరీక్ష ఒకటే కదా అనుకున్నాను. చేత్తో ఎత్తి బరువు చూశాను. ఒక కన్ను మూసి మెడ వంకర చూశాను. ఏం చూడాలో తెలియనివాడు అన్నీ చూస్తాడు. రంగంతా సన్నగా బీటలిచ్చింది. తల మీద కంపెనీ పేరు సగం చెరిగిపోయింది. మరలు తుప్పు పట్టాయి.

ఈ పాత చెక్కకి ఇంత డబ్బా అని లోపల ఆశ్చర్యపోయాను. ఆ వెంటనే నా బుర్ర చురుగ్గా పనిచేసింది. ఆ బెంగాలీ ఎవడో తెలివితక్కువవాడు. తుప్పు పట్టినదానికే ఇంత ఇచ్చేవాడు, తళతళలాడేదానికి రెట్టింపు ఇవ్వడా?

"తక్కువ రాసినాడక్కా," అన్నాను, పెద్ద డాక్టరులాగ. "నాకో నెల్లాళ్లు టైమియ్యి. పీఓహెచ్ సేసి ఇచ్చెత్తాను. అప్పుడు రమ్మందాం."

పీఓహెచ్, అంటే పీరియాడిక్ ఓవర్‌హాల్, మా వర్క్‌షాపుకి వేదం. నడిచీ నడిచీ అలిసిన బోగీ షాపులోకి వస్తుంది. విప్పుతాం, పాత రంగు గీకుతాం, అరిగినవి మారుస్తాం, కొత్త రంగేస్తాం, పీఓహెచ్ ఏ తారీకున అయిందో, మళ్లీ ఎప్పుడు చెయ్యాలో దాని ఒంటి మీద అచ్చువేసి పంపుతాం. పాతదనం అంటే మాకు జబ్బు. పాతదనానికే ధర పలికే వస్తువులు కూడా లోకంలో ఉంటాయని మా షాపులో ఎవరూ నేర్పలేదు.

నెల్లాళ్లు మా వరండాలో కూర్చుని గరుకు కాగితంతో ఆ గిటారుని చెక్క తేలేదాకా రుద్దాను. సగం చెరిగిన పేరు అసహ్యంగా ఉందని అదీ గీకేశాను. గోల్ బజార్లో కొత్త మరలు కొని బిగించాను. బోగీలకి వేసే ముదురు ఎరుపు రెండు కోటింగులు వేశాను. చివరికి వెనకవైపు తెల్లరంగుతో పీఓహెచ్ తారీకు అచ్చువేశాను. మళ్లీ చెయ్యాల్సిన తారీకు కూడా వేశాను. అలవాటు మరి.

అక్క చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "మీ బావ సూసుంటే ఇది తనదేనని ఆనవాలు కట్టలేకపోయేవోరు, తమ్ముడూ," అంది. దాన్ని నేను మెప్పుగానే తీసుకున్నాను.

కలకత్తా అతను ఆదివారం పొద్దున్న బండికి వచ్చాడు. గిటారు పెట్టె మూత తీశాడు. గిటారుని తిరగేసి తారీకులు చదివాడు.

"ఎటా కీ కొరేఛేన్, దాదా?" అన్నాడు. ఇదేం చేశారు దాదా అని. కోపంగా కాదు, చావు ఇంట్లో అడిగినట్టు అడిగాడు.

నేను సగం బెంగాలీలో, సగం హిందీలో పీఓహెచ్ గొప్పతనం వివరించాను. మర్యాదగా విన్నాడు. తర్వాత తను చెప్పాడు. తను ధర కట్టింది ఆ బీటలిచ్చిన రంగుకీ, ఆ సగం పేరుకీ, ఆ తుప్పు మరలకీనట. అవి ఉంటే తెలిసినవాడెవడైనా ఇది అసలుదని చూడగానే చెప్పేస్తాడు. ఇప్పుడిది హౌరాలో ఏ వడ్రంగో చేసిందనుకుంటారు. మళ్లీ అమ్మాలంటే ఎవరూ నమ్మరు. వాయించుకోడానికైతే పనికొస్తుంది కాబట్టి, రాసినదాంట్లో మూడోవంతు ఇస్తానన్నాడు. మధ్యాహ్నం బండికి వెళ్లిపోతాను, ఆలోచించుకోండి దీదీ అన్నాడు.

అక్క నావైపు తిరిగింది.

"ఏటి తమ్ముడూ, ఇచ్చెయ్యమంటావా? ఇంకొకడు వచ్చేదాకా ఆగుదుమా? నువ్వెలాగంటే అలాగ సేత్తాను."

అందులో ఎత్తిపొడుపు లేశమైనా లేదు. ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. ఇంత చేశాక కూడా ఆవిడ నన్నే అడుగుతోంది. అలవాటు కొద్దీ వేలి కణుపుతో గిటారుని తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నాకు తెలీదక్కా," అన్నాను. "గిటార్ల రేట్లు నాకెప్పుడూ తెలీవు."

ఆవిడ నా మొహంలోకి చూసి, పెట్టె మూత వేసి, అతని చేతికి ఇచ్చేసింది.

క్వార్టరు ఖాళీ చేసిన రోజు ఆవిడ మంచం నేనే నెత్తిన పెట్టుకుని పూరీ గేట్‌కి బయల్దేరాను. పిల్లలిద్దరూ ముందు నడుస్తున్నారు. సగం దారిలో అక్క, నావైపు చూడకుండా, మామూలు గొంతుతోనే అంది.

"తెలీదన్న మాట మొదట్నే సెప్పుంటే, ఈ మంచం తాల్‌బగీచాకి మోసేవోడివి, తమ్ముడూ."