సమానం

వర్క్‌షాపులో ఆ వెల్డరును అందరూ ‘సమానం’ అనే పిలుస్తారు. ఆదివారం పోకర్ గదిలో గెలిస్తే, ఏ ముక్క ఎలా తగిలిందో చేతులూపుతూ వారమంతా చెబుతాడు. ఓడితే మాత్రం మెడ వెనక గోక్కుని, “పోలేదు, రాలేదు. సమానం!” అంటాడు. ఆ గది నడుపుతూ ఆటకింతని కోసుకునేవాడు తప్ప అక్కడ బాగుపడ్డవాడు ఒక్కడూ లేడు. పోయిన ఆదివారం బండి మీద వెళ్లినవాడు నడిచి వచ్చాడు. “బండేది?” అంది భార్య. “నడక ఒంటికి మంచిదటే.”

ఈ ఆదివారం ఆమె కుట్టుమిషన్ ముందు నిలబడి గంతులేశాడు. “చెయ్యి మాంచి ఊపు మీదుందే! ఈ ఒక్కసారికి మిషనివ్వు. సాయంత్రానికి బండీ, మిషనూ రెండూ గుమ్మంలో ఉంటాయి.” ఇల్లు గడిచేది ఆ మిషన్ మీదే. ఆమె దారం తెంపి, మిషన్‌ను అతని వైపు నెట్టింది. “తీసుకెళ్లు. ముందు ‘నేను ఓడిపోయాను’ అని ఒక్కసారి అను, చాలు.” పన్నెండేళ్ల కాపురంలో అతని నోట ఆమె వినని మాట అదొక్కటే. అతని కళ్లు మెరిశాయి. ఇంత చవగ్గానా! మిషన్‌ను రెండు చేతులా పట్టుకుని గొంతు సవరించుకున్నాడు. “నేను...” మెడ నరాలు ఉబ్బాయి. ఆమె ఊపిరి బిగబట్టింది. “నేను... ఓ...” ఒక చెయ్యి దానంతటదే మెడ వెనక్కి పోయింది. “అసలు పోయిందేముందే? సమానమేగా!”

ఆమె ఫక్కున నవ్వి, మిషన్ వెనక్కి లాక్కుని, సూదిలో మళ్లీ దారం ఎక్కించింది.