'గో' అనని కెజియా

2009. రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో ఓ చిన్న ఇంగ్లీషు మీడియం బడిలో నేను యూకేజీ టీచర్ని. శ్రీకాకుళం నుంచి వచ్చిన రైల్వే కుటుంబం మాది. ఆ బడి టీచర్లలో తెలుగు వచ్చింది నాకొక్కదానికే.

ఐదేళ్ళ పిల్లలకి ఒపోజిట్స్, అంటే వ్యతిరేక పదాలు, చెప్పడమంటే బోర్డు మీద రెండు వరసలు రాసి బట్టీ పట్టించడమేనని చాలామంది అనుకుంటారు. నాకది ఒళ్ళుమంట. బల్ల ఎక్కించి దింపితే అప్, డౌన్ వాటంతటవే వస్తాయి. తలుపు తీసి వేయిస్తే ఓపెన్, షట్. మా క్లాసులో గోలెక్కువని పక్క టీచర్లు సణుక్కునేవాళ్ళు. సణుక్కోనీ!

ఆ ఏడాది మధ్యలో కెజియా చేరింది. వాళ్ళమ్మ రాజమండ్రి నుంచి వచ్చిన నర్సు, దేవేంద్ర నగర్‌లో ఉండేవాళ్ళు. పిల్ల నెమ్మది, కానీ ఒపోజిట్స్ మాత్రం టకటకా చెప్పేది. సంవత్సరం చివర ఓరల్ టెస్ట్ ఉంటుంది. హెడ్ మేడమ్ ఒక్కొక్కరినీ పిలిచి నోటితో అడుగుతారు. అందులో తప్పితే ఒకటో క్లాసు లేదు, మళ్ళీ యూకేజీయే. కెజియా వంతు వచ్చింది.

"బిగ్?"

"స్మాల్."

"ఓపెన్?"

"షట్."

"కమ్?"

అంతే, నోరు బిగుసుకుపోయింది. మళ్ళీ అడిగితే కళ్ళలో నీళ్ళు. "ఇత్నా భీ నహీఁ ఆతా? ఏక్ సాల్ ఔర్ బిఠాతే హైఁ" అన్నారు మేడమ్. ఇంకో ఏడాది ఇక్కడే కూర్చోబెడదామని! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అన్నీ చెప్పిన పిల్లని ఒక్క మాటకి ఆపేస్తారా? రేపు మళ్ళీ అడగమని పట్టుబట్టాను, సరేనన్నారు.

సాయంత్రం వాళ్ళమ్మ డ్యూటీ దిగి అలాగే యూనిఫామ్‌లో వచ్చింది. విషయం చెప్పాను.

"అయ్యో, ఇంట్లో గడగడా చెప్తుందండీ టీచర్ గారూ! ఇంకో సాల్ ఇక్కడే ఉంచితే ఇది అసలు నోరే విప్పదండీ" అంది.

కెజియాని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. "గో అంటే ఏంటే తల్లీ?"

"వెళ్ళిపోవడం."

"తెలుసుగా! మరి మేడమ్‌కి చెప్పలేదేం?"

తల అడ్డంగా ఊపింది. "తాతయ్య వెళ్ళిపోయారు. ప్రభువు దగ్గరికి."

తర్వాత వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని, "అమ్మ వెళ్ళిపోదు. అమ్మ వెళ్ళొస్తుంది" అంది.

ఆవిడ ఏడ్చేసింది. "మా మావయ్యగారు పోయినప్పుడు దీనికి అలా చెప్పామండీ. నేను డ్యూటీకి వెళ్తున్నానంటే అత్తయ్యగారు ఊరుకోరు. వెళ్ళొస్తానని చెప్పు అంటారు. ఇది వింటూనే ఉంది కాబోలు."

మర్నాడు పోట్లాటకి సిద్ధమై మేడమ్ గదికి వెళ్ళాను. ఆవిడకి అంతా చెప్పాను. "హమారే ఘర్ మేఁ భీ జాతీ హూఁ నహీఁ కహతే. ఆతీ హూఁ కహతే హైఁ" అన్నారు మెల్లగా. వాళ్ళింట్లోనూ బయల్దేరేటప్పుడు వెళ్తున్నాననరు, వస్తాననే అంటారట. నా కోపం అక్కడే చల్లారిపోయింది.

కెజియాని పిలిచారు. నేను గుమ్మం దగ్గరికి నడిచి, "వెళ్ళొస్తానే" అని చెప్పి బయట తలుపు చాటున నిలబడ్డాను. లోపల మేడమ్ అడిగారు: "కమ్?"

తలుపుకి చెవి ఆనించాను. కాసేపటికి చిన్న గొంతుతో, "గో." ఊపిరైనా తీసుకోకుండా వెంటనే పెద్ద కేక: "కమ్! టీచర్, కమ్! కమ్!"

పరిగెత్తుకుంటూ లోపలికి వెళ్ళాను. కెజియా నా నడుం చుట్టేసుకుంది. మేడమ్ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటున్నారు. పిల్ల ఒకటో క్లాసుకి వెళ్ళింది.

అప్పటినుంచి ఎవరైనా ఒక మాట దగ్గర ఆగిపోతే తప్పని కొట్టేయడానికి నాకు చెయ్యి రాదు. ఆ మాట వాళ్ళింట్లో ఏమవుతుందో ముందు అడుగుతాను. ఇక కమ్, గో చెప్పే రోజున, తలుపుదాకా పరిగెత్తిన పిల్లలందరూ లోపలికి తిరిగొచ్చేదాకా తర్వాతి పాఠం మొదలుపెట్టను.