ఉన్నదున్నట్టు రాయించండి

కాకర్ల మార్కండేయులు గారి వాదన వినడానికి కోర్టు హాల్లో ఉండనక్కర్లేదు. వరండా చివర చెట్టు కింద నిలబడ్డా వినపడుతుంది. ఆ గొంతే ఆయన చదువు, ఆ గొంతే ఆయన ఆస్తి. అవతలి వకీలుని పదిమందిలో నానా మాటలూ అంటే తమ కేసు సగం గెలిచినట్టేనని మురిసిపోయే పార్టీలు మా ప్రకాశం జిల్లాలో తక్కువేం కాదు. వాళ్లే ఆయన్ని పోషించారు. నేనూ అదే బార్‌లో వకీలునే. ఆయన చట్టం పుస్తకం తెరవగా చూసిన గుర్తు మాత్రం నాకు లేదు.

సిద్దికా 1999లో మా బార్‌లో చేరింది. మద్దిపాడు వైపు మిరప, పొగాకు వేసే మాబు సాహెబ్ అనే రైతు కూతురు. సాయిబుల పిల్లకి ఈ కోర్టు గొడవలెందుకని వరండాలో కూర్చుని బాధపడిన పెద్దమనుషులు కొందరు ఉండేవారు. వాళ్ల దగ్గర కేసులు లేవు కాబట్టి బాధపడటానికి తీరిక ఉండేది.

నాలుగేళ్లకి గురవమ్మ కేసు ఆమె దగ్గరికొచ్చింది. గురవమ్మది చీమకుర్తి అవతల ఒక పల్లె. మొగుడు పోయాక మిరప చేను తనే చూసుకుంటోంది. ఆమె కల్లం పక్కనే ఎవరో కంకర క్రషర్ పెట్టారు. పొద్దున ఎర్రగా ఆరబోసిన కాయల మీద సాయంత్రానికి రాతిపొడి పేరుకునేది. గుంటూరు యార్డులో కొనేవాడు ఒక కాయ పట్టుకుని, వేళ్లు తుడుచుకుని, బస్తా పక్కకి నెట్టేసేవాడు. క్రషర్ ఓనరుని అడిగితే, గాలిని ఆపుకోమని వెక్కిరించాడట. ఆ ఓనరు వకీలు మార్కండేయులు గారని తెలిసి, మా వకీళ్లలో ఒకరిద్దరు ఆమెని మాటలు చెప్పి పంపించేశారు. సిద్దికా కాగితాలు తీసుకుని క్రషర్ ఆపించమని దావా వేసింది.

అప్పటినుంచి మొదలైంది ఆయన వీరత్వం. కౌంటర్, అంటే దావాకి తమ జవాబు, కాపీ ముందుగా ఇచ్చేవారు కాదు. కేసు పిలిచాక అందరి ముందూ బల్ల మీదకి విసిరేవారు. ఒంట్లో బాగాలేదని జూనియర్ చేత వాయిదా అడిగించి, ఆ గంటలోనే క్యాంటీన్లో పెసరట్టు తింటూ కనిపించేవారు. సిద్దికాని పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు, ఎప్పుడూ "అమ్మాయ్" అనే. ఒకరోజు నిండు కోర్టులో, మిరపకాయలు వంటింట్లో దంచుకోక కల్లంలోకి ఎందుకు దిగావమ్మాయ్ అన్నారు. హాలంతా నవ్వింది. నవ్వినవాళ్లలో సగం మందికి నవ్వు రాలేదు, ఆయనంటే భయం వచ్చింది.

సిద్దికా ఆగలేకపోయింది. చట్టం రాకే అరుస్తున్నారని ఆయన మొహం మీదే అనేసింది. ఇంకేం, ఆయనకి కావలసింది అదే. జడ్జి గారు విసుగెత్తి ఇద్దరినీ కలిపి చీవాట్లు పెట్టి, దావాని వేసవి సెలవుల అవతలికి వాయిదా వేశారు. ఆ ఏడు పంట కూడా దుమ్ము పాలైంది. బయట మెట్ల మీద గురవమ్మ ఆమెని తప్పు పట్టలేదు.

"మళ్లీ వాయిదానా అమ్మా?" అని మాత్రం అడిగింది.

ఆ మాట సిద్దికాకి ఆయన తిట్లన్నిటికంటే ఎక్కువగా తగిలింది. కొన్నాళ్లకి బార్ లైబ్రరీలో నాతో చెప్పింది. ఆయన దగ్గర వాదన లేదు, అందుకే మనిషితో తగువు పెట్టుకుంటాడు, మనం తగువుకి దిగితే వాదించే పని ఆయనకి తప్పిపోతుంది అని.

"ఇన్నాళ్లూ ఆయనంటే భయం, కోపం ఉండేవండి. ఇప్పుడు అసహ్యమే మిగిలింది. ప్రాణం హాయిగా ఉంది" అంది.

నిజంగానే మనిషి మారింది. కాపీ ఇవ్వకపోతే, అందలేదని కోర్టులో మెమో వేసేది. అబద్ధపు వాయిదా అడిగితే కారణం కాగితం మీద పెట్టమనేది. ఆయన ఎంత అరిచినా, బస్టాండులో మైకు మోగుతుంటే మన బస్సు కోసం చూసుకున్నట్టు, తన ఫైలు చూసుకుంటూ కూర్చునేది. నోరు తెరిస్తే "సీనియర్ గారు" అనే గౌరవం. ఆ గౌరవంలో ఉన్న ఈసడింపు ఆయనకి తప్ప అందరికీ అర్థమైంది.

చివరికి గురవమ్మ క్రాస్ ఎగ్జామినేషన్ రోజు వచ్చింది. అంటే అవతలి వకీలు సాక్షిని ప్రశ్నించే రోజు. మామూలుగా జడ్జి గారు సాక్షి జవాబుని ఒక వాక్యంగా మార్చి టైపిస్టుకి చెబుతారు. ప్రశ్న గాలిలో కలిసిపోతుంది. మార్కండేయులు గారు ఇన్నేళ్లూ బతికింది ఆ గాలి మీదే.

గౌను సర్దుకుని లేచి, వెనక కూర్చున్న తన పార్టీ వైపు ఒకసారి చూసి, మొదలుపెట్టారు.

"ఏమ్మా, పొద్దస్తమానం కల్లంలో ఉండేది కాయలు చూడ్డానికా, క్రషర్ లారీ డ్రైవర్లని చూడ్డానికా?"

గురవమ్మ బోను కమ్మీ పట్టుకుని తల దించుకుంది. సిద్దికా లేచి నిలబడింది. మేమంతా గొడవే అనుకున్నాం.

"నాకు అభ్యంతరం లేదండి. కాకపోతే ప్రశ్నని సీనియర్ గారు అడిగిన మాటల్లోనే ఉన్నదున్నట్టు రాయించండి. పైకోర్టు వారు కూడా చదువుతారు కదా."

జడ్జి గారు టైపిస్టుని ఆగమని, మార్కండేయులు గారి వైపు తిరిగారు.

"చెప్పండి, రాయిస్తాను."

ఆయన ఆ ప్రశ్న వదిలేస్తున్నానన్నారు. రెండో ప్రశ్న సిద్దికా మతం మీదకి పోయింది. ఆమె మళ్లీ లేచి అదే అడిగింది, అంతే మెల్లగా. అదీ వదిలేశారు. మూడోది సగంలోనే మింగేశారు. ఆ తర్వాత ఫైలు తిప్పడం మొదలుపెట్టారు. మొదటిసారి చూస్తున్నవాడి తిప్పడం అది. క్రషర్‌కి దుమ్ముని ఆపే ఏర్పాటు ఉందా, గాలి ఏ నెలలో ఎటు వీస్తుంది, వేరే చోట కాయలు ఆరబెట్టే వీలుందా, ఇలా అడగాల్సినవి బోలెడున్నాయి. మొదటి ఏడాది జూనియర్ అయినా అడిగేవాడు. ఆయన గురవమ్మ పొలం ఏ ఊళ్లో ఉందని అడిగి, క్రాస్ అయిపోయిందని కూలబడ్డారు. అరుపు తీసేస్తే ఆ మనిషిలో మిగిలింది అంతే.

తీర్పులో జడ్జి గారు, దుమ్ము గురించి సాక్షి చెప్పినదాన్ని ప్రతివాది ఒక్క ప్రశ్నతోనైనా కాదనలేదు కాబట్టి నమ్ముతున్నానని రాశారు. రేకుల షెడ్డు వేసి నీళ్లు చల్లే ఏర్పాటు చేసేదాకా క్రషర్ తిప్పొద్దని, కల్లాల రోజుల్లో అసలే వద్దని ఆర్డరు. ఓనరు అప్పీలుకి పోయాడు, వేరే వకీలుని పెట్టుకుని. అదీ కొట్టేశారు. ఏడాది తర్వాత రేకులు లేచాయి. దుమ్ము పూర్తిగా పోలేదనీ, కాయ మాత్రం కాయలా కనపడుతోందనీ గురవమ్మ చెప్పింది.

ఆడపిల్లని చూసి జడ్జి కరిగిపోయాడని మార్కండేయులు గారు ఊరంతా చెప్పుకున్నారు. ఆయన ప్రాక్టీసేమీ పడిపోలేదు. అరుపులు కొనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. సిద్దికా అవతల ఉన్న కేసులకి మాత్రం జూనియర్లని పంపించేవారు.

2007లో ఒకరోజు నన్ను పిలిచి, ఏదో వరం ఇస్తున్నట్టు, ఆ అమ్మాయిని నా ఆఫీసులో చేరమను, నా ఫైళ్లన్నీ చూసుకోమను అన్నారు. నేను వెళ్లి చెప్పాను. సిద్దికా నవ్వను కూడా నవ్వలేదు.

"ఆయన ఫైళ్లు ఆయనే చదవలేదు కదండీ, నేనెందుకు చదవాలి?" అంది.

ఆ సంగతి చెబితే ఆయన నా మీద అరిచారు. అప్పటికి సిద్దికా పై అంతస్తులోని కోర్టు హాల్లోకి వెళ్లిపోయింది. రైతుల తరఫున ఆమె వేసిన నకిలీ పత్తి విత్తనాల కేసొకటి ఆ మధ్యాహ్నం వాదనకి ఉంది. గుంటూరు నుంచి వచ్చిన అవతలి వకీలు అప్పటికే గొంతు సవరించుకుంటున్నాడు.