రోలాలో ఎత్తుకొచ్చిన సోఫా

నా జీవితంలో ఒకే ఒక్క దొంగతనం చేశాను. పట్టపగలు చేశాను. సూదో దబ్బనమో కాదు, ముగ్గురు కూర్చునే సోఫా. సొంతదారుడి తల్లి దగ్గరుండి "జాగ్రత్త నాయనా" అని సాగనంపగా, వాళ్లు పెట్టుకున్న మనుషులే మోసి లిఫ్టులో పెట్టగా చేశాను. ఇంత మర్యాదగా జరిగిన దొంగతనం గల్ఫు దేశాల్లో మరొకటి ఉండదని నా నమ్మకం. ఉంటే ఆ మహానుభావుడికి ఒకసారి కాఫీ ఇప్పించాలని ఉంది.

కరోనా కాస్త సద్దుమణిగి విమానాలు మళ్లీ తిరుగుతున్న రోజులు. మూతులకు మాస్కులు మాత్రం ఇంకా ఉన్నాయి. కాకినాడ నుంచి నేను ముందుగా వచ్చి షార్జాలో ఒక ఆఫీసులో అకౌంట్స్ ఉద్యోగంలో చేరాను. ఆ ఊళ్లోనే రోలా పేటలో చిన్న ఫ్లాటు తీసుకుని, మా ఆవిడ సునందనీ మా అమ్మాయి చిన్నినీ పిలిపించాను. ఇంట్లో సామానంటే ఒక పరుపు, ఒక కుక్కరు, మేం తెచ్చుకున్న సూట్‌కేసులు. వాటినే గోడవారన పేర్చి కూర్చునేవాళ్లం. చిన్ని గౌను మార్చాలంటే నేను లేచి నిలబడాలి. ఆ పిల్ల బట్టలు నా కిందుండేవి.

"ఏవండీ, మనం దుబాయ్ వచ్చామా, సామర్లకోట ప్లాట్‌ఫారం మీదకి వచ్చామా?" అంది సునంద వారం తిరక్కుండానే. "శుక్రవారం అబుదాబి నుంచి మా పిన్ని కూతురు వస్తానంటోంది. వాళ్లత్తగారిని కూడా తీసుకొస్తుందిట. ఆవిణ్ని ఏ పెట్టె మీద కూర్చోబెట్టమంటారు?"

"నీలం పెట్టె కొంచెం గట్టిగా ఉంటుంది," అన్నాను.

ఆ పూట నాకు కాఫీ అందలేదు.

ఆఫీసులో నా పక్క సీటు నర్సింగరావుది. కరీంనగర్ మనిషి, ఎంతో కాలంగా ఇక్కడే ఉన్నాడు. నా గోడు విని తేలిగ్గా నవ్వేశాడు.

"గింతదానికి పరేషాన్ ఎందుకే అన్నా. నాకు తెల్సినాయన ఒకాయన ఇక్కడ ఖలాస్ జేసుకొని ఇండియాకు పోతుండు. సోఫా ఉత్తగనే ఇస్తడట. మసీదు ఎన్క గల్లీ, కింద కిరాణా దుకాణం ఉన్న బిల్డింగు, నాలుగో ఫ్లోరు. సామాన్లు సర్దుతుంటరు, తలుపు తెరిచే ఉంటది. యల్లా, పొయ్యి ఎత్కరా."

ఇక్కడ పాఠకులకు ఒక మాట. రోలాలో కింద కిరాణా దుకాణం లేని బిల్డింగు చూపిస్తే వాళ్లకు సన్మానం చెయ్యొచ్చు. ఆ ముక్క నాకప్పటికి తెలీదు. తంతే బూరెల బుట్టలో పడ్డాననుకుని, ఒక పికప్ బండి మాట్లాడుకుని బయల్దేరాను. మోతపని కదా అని రంగు వెలిసిన టీషర్టు వేసుకున్నాను. పైన మాస్కు. నన్ను చూసి ఎవరైనా అకౌంటెంటు అనుకుంటే వాళ్లదే పొరపాటు.

బండి నిలపడానికి చోటు లేక డ్రైవరు కిందే ఉండిపోయాడు. నేను పైకెళ్లాను. నాలుగో ఫ్లోరులో ఒక తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల గది నిండా అట్టపెట్టెలు. బయట వరండాలో సోఫా. అంతా నర్సింగరావు చెప్పినట్టే ఉంది. ఒక్కటే తేడా. సోఫా మీద ఒక మామ్మగారు కూర్చుని ఉన్నారు. తెల్ల చున్నీ తల మీదుగా కప్పుకుని, కళ్లు చికిలించి నావైపు చూస్తున్నారు. సామానుతో పాటు ఈవిణ్ని కూడా ఇచ్చేస్తున్నారా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

నా హిందీ టెన్త్ క్లాసులో అత్తెసరు మార్కులతో గట్టెక్కిన హిందీ. సోఫా కోసం వచ్చానని చెప్పడానికి దాన్నే కూడగట్టుకుని, "దాదీజీ, సోఫా లేనా," అన్నాను.

"లే జా బేటా, అందర్ లే జా. ఆరామ్ సే," అంటూ ఆవిడ నా చెయ్యి పట్టుకుని లేచారు.

లోపలికి తీసుకెళ్లు, నెమ్మదిగా అని దానర్థం. లోపలెవరో పెద్దమనిషి ఉన్నాడని చెబుతున్నారనుకుని నేను గదిలోకి తొంగి చూసి, అట్టపెట్టెలకు ఒక నమస్కారం పెట్టి వచ్చాను.

అంతలో లిఫ్టులోంచి ఇద్దరు మనుషులు బీరువా దింపారు. నేను సోఫా చూపించి, కిందికి దించమని "నీచే" అన్నాను. వాళ్లిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"అభీ తో ఊపర్ లాయా, సాబ్," అన్నాడొకడు.

ఇప్పుడేగా పైకి తెచ్చాం అని వాడి మొర. నాకందులో అందిన ముక్క "అభీ" ఒక్కటే.

"హా, అభీ. అభీ," అన్నాను.

సామాను సొంతదారుల బుద్ధి గంటకోలా మారుతుందని వాళ్లకు అలవాటే కాబోలు. నిట్టూర్చి సోఫా ఎత్తారు. మామ్మగారు లిఫ్టు దాకా వచ్చి, నా భుజం తట్టి పంపించారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగితే ఆ మామ్మ సోఫానే ఇచ్చేశారు.

ఇంటికి తేగానే సునంద మొహం మతాబాలా వెలిగింది.

"కొత్తదిలాగే ఉందండీ. కాళ్లకి చుట్టిన ప్లాస్టిక్ కూడా విప్పలేదు."

"సుఖపడ్డం తెలీని మనుషులు," అన్నాను జాలిగా.

ఇంటికొచ్చిన మొదటి పెద్ద వస్తువని సునంద దానికి నాలుగు వైపులా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. చిన్ని ఎక్కి గంతులేసింది. నేను కాళ్లు బారచాపి జమీందారులా పడుకున్నాను. మెత్తల సందులు తుడవబోయిన సునంద చేతికి ఏదో తగిలింది. తీసి చూస్తే కళ్లజోడు.

"ఏవండీ, దేశం వదిలి వెళ్లిపోయేవాళ్లు కళ్లజోడు వదిలేసి వెళ్తారా?"

అంతలో నర్సింగరావు ఫోన్ చేశాడు.

"అన్నా, యాడున్నవే? గాయన నీకోసం ఎదురుసూస్తుండు. ఎయిర్‌పోర్టుకు పోవాల్నట."

"అదేంటయ్యా, సోఫా తెచ్చేసుకున్నాను. దాని మీదే పడుకుని మాట్లాడుతున్నాను."

"ఎట్ల తెస్తవే? గాయన సోఫా మీద కూసోనే నాకు ఫోన్ జేసిండు."

నర్సింగరావు గొంతు తగ్గించాడు.

"అన్నా, నువ్వు వేరేటోళ్ల సోఫా ఎత్కొచ్చినవే."

దొంగకు తేలు కుట్టినట్టు అంటారు. నాకు సోఫా కుట్టింది. వాళ్లు ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్లు కాదు, కొత్తగా దిగుతున్నవాళ్లు. ఆ సోఫా అప్పుడే పైకొచ్చింది. పోలీసులు, జైలు, వీసా రద్దు, కాకినాడలో మా నాన్నగారి మొహం, అన్నీ వరసగా కళ్లముందు తిరిగాయి.

"నన్ను పట్టుకుపోతారే," అన్నాను.

"ముందు దాని మీంచి లేవండి," అంది సునంద. "మీరు జైల్లో ఉంటే శుక్రవారం వాళ్లొచ్చి అడిగితే ఏం చెప్పను? డ్యూటీలో ఉన్నారని చెప్పనా?"

పికప్ డ్రైవర్ని మళ్లీ పిలిపించాం. ఆ కళ్లజోడు చేత్తో పట్టుకుని సునంద, ఆమె కొంగు పట్టుకుని చిన్ని, సోఫాతో నేను, ఊరేగింపులా బయల్దేరాం.

లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి వరండాలో వాచ్‌మన్, ఇందాకటి మనుషులిద్దరూ, మధ్యలో ఫోన్ చేతిలో పట్టుకుని ఒక పొడుగాటి మనిషి ఉన్నారు. ఆయన ఆ మామ్మగారి కొడుకు. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్న మామ్మగారు సోఫా ఆకారం కనబడగానే చేతులు చాచారు. ఆవిడ అన్నదాన్ని సునంద నా చెవిలో తెలుగు చేసింది. సునంద చిన్నప్పుడు హిందీ పరీక్షలు రాసిన మనిషి.

"చూశావా, చెబితే విన్నావు కాదు. దుమ్ము దులపడానికి కిందికి తీసుకెళ్లుంటాడు, మంచి కుర్రాడు, తెస్తాడని చెప్పానా? పోలీసులెందుకురా?"

అంటే ఇంతసేపూ నా తరఫున వాదిస్తున్న వకీలు ఆవిడే అన్నమాట. నా కళ్లు చెమర్చాయి.

"ఎవరు నువ్వు? మా సోఫాకు ఈ పసుపేమిటి?" అని కొడుకు గద్దించాడు.

"గలత్ సోఫా," అన్నాను, పొరపాటైందని చెప్పబోతూ. "మేరా సోఫా దూస్రా. యే సోఫా... పూజా హోగయా."

నన్నిక మాట్లాడనిస్తే కేసు ముదురుతుందని సునంద ముందుకొచ్చి, ఉన్నదున్నట్టు హిందీలో చెప్పి, కళ్లజోడు మామ్మగారి చేతికిచ్చింది. ఆవిడ దాన్ని చున్నీతో తుడిచి, పెట్టుకుని, నా దగ్గరకొచ్చి, మాస్కు దించమని సైగ చేసి, పైనుంచి కింది దాకా తాపీగా చూశారు. తర్వాత కొడుకు వైపు తిరిగారు.

"యే కౌన్ హై?"

ఇతనెవరు అని. ఇంతసేపూ ఆవిడ వెనకేసుకొచ్చింది నన్ను కాదు, సామాను మోసేవాళ్లలో మూడోవాణ్ని. ఆ మూడోవాడు లేనే లేడు. ముందు వాచ్‌మన్ నవ్వాడు. తర్వాత కొడుకు, గోడకు చేరగిలబడి మరీ నవ్వాడు. చివరికి మాకు టీ ఇచ్చి పంపారు. ముందు జాగ్రత్తగా కొడుకు నా ఫోన్ నంబరు మాత్రం రాసుకున్నాడు.

ఉత్తగా ఇస్తానన్న అసలు సోఫా అప్పటికే ఇంకెవరికో వెళ్లిపోయింది. శుక్రవారం అబుదాబి అత్తగారు మా పరుపు మీద గోడకానుకుని కూర్చుని, "ఇక్కడివాళ్లంతా ఇలా కింద కూర్చోడమే ఫ్యాషనా అమ్మా?" అని అడిగారు. సునంద అవునంది.

మరుసటేడు ఒక సాయంత్రం నాకు ఫోనొచ్చింది. మామ్మగారి కొడుకు.

"భాయీసాబ్, మేం అజ్మాన్‌కి ఇల్లు మారుతున్నాం. అమ్మ ఒకటే పట్టు పట్టింది. సోఫా మోయించాలంటే ఆ కుర్రాణ్నే పిలవమంటోంది. పోయినసారి గీత కూడా పడకుండా తీసుకెళ్లి తీసుకొచ్చాడు, ఇంత నమ్మకస్తుడు దొరకడు అంటోంది."

వెళ్లాను. మోశాను. మామ్మగారు ఈసారి కళ్లజోడు పెట్టుకునే "ఆరామ్ సే, బేటా" అన్నారు.

కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా, రోలాలో ఉన్న సమస్త కిరాణా దుకాణాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఎవరింట్లో సోఫా కనబడినా, కూర్చోమంటే కూర్చుంటాను. అంతకుమించి దాన్ని ముట్టుకోను.