పేరు లేని తుపాకీ, గండి పడిన ఉలి

మాది జగిత్యాల వైపు వడ్రంగి కుటుంబం. దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒక ఫర్నిచర్ కొట్టులో పని చేస్తాను. ఒక శుక్రవారం పొద్దున నాకు తెలిసిన కడప కుర్రవాడు ఫోన్ చేశాడు. అతను అల్ హిలాల్‌లో ఒక విల్లాలో హౌస్ డ్రైవర్.

"అన్నా, మా బాబా అలమార తలుపు ఇరుక్కోని రావడంల్యా. నేను మనిషిని తెస్తానని మాట ఇచ్చేసినా. కింద కార్లో ఉండా, దిగిరా."

బాబా అంటే అతని యజమాని, డెబ్బై దాటిన ఖతరీ పెద్దాయన. తలుపు పని పావుగంటలో అయిపోయింది. కానీ లోపల ఉన్నవాటిని చూశాక నా కాళ్ళు కదల్లేదు. నా భుజం దాకా వచ్చే పొడవాటి తుపాకులు, తొమ్మిది. అమెరికాలో రెండు వందల ఏళ్ళ కిందట చిన్న చిన్న ఊళ్ళలో చేతితో చేసినవట. ఎనిమిది పలకల ఇనుప గొట్టం, పులిచారల మేపుల్ కర్ర, భుజానికి ఆనించే కర్ర పక్కన ఇత్తడి మూతతో చిన్న అర.

నా చూపు గమనించి పెద్దాయన సంబరపడ్డాడు. తన హిందీలో ఒక్కొక్కటీ చెప్పుకొచ్చాడు. చేసినవాడు గొట్టం మీద తన పేరు చెక్కుతాడట. ఒక్కదాని మీద మాత్రం పేరు లేదు. ఇత్తడి మూత తీరు చూస్తే పక్కదాన్ని చేసినవాడే దీన్నీ చేశాడని ఆయన నమ్మకం. ఫొటోలు పంపితే అమెరికాలోని నిపుణుడు ఒప్పుకోలేదు. మూతలు ఎవరైనా చూసి చేయగలరు అన్నాడట.

నేను డ్రైవర్ వైపు తిరిగాను. "తమ్మీ, లోపల చూస్తనని చెప్పు. పైన అందరు నున్నగ చేస్తరు. లోపల ఎవ్వరు చెయ్యరు."

పెద్దాయన కాసేపు గడ్డం నిమురుకున్నాడు. చివరికి "యల్లా, కానీ" అని తనే పేరు లేనిదాని స్క్రూలు విప్పాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు. చెకుముకిరాయిని కొట్టే ఇనుప భాగం ఊడివచ్చింది. దాని కింద తొలిచిన గుంటలోకి ఫోన్ లైటు వేశాను. ఉలి నడిచిన ప్రతిచోటా వెంట్రుకంత ఉబ్బు గీత!

ఉలి అంచున ఇసుకరవ్వంత ముక్క ఎగిరి గండి పడితే అలాంటి గీతే మిగులుతుంది. తొందరలో ఉన్నవాడు సాన పట్టకుండా అలాగే కానిచ్చేస్తాడు. నేనూ ఎన్నోసార్లు చేశాను.

పక్కనున్న, పేరున్న తుపాకీని కూడా విప్పించాను. అక్కడా గీత ఉంది. ఉలి జాడ అంచు నుంచి గీత ఎంత దూరమో కాగితం ముక్క మీద గుర్తు పెట్టి, మొదటి గుంటలో ఆనించాను. సరిగ్గా కూర్చుంది.

"ఒక్కటే ఉలి బాబా. గా గండి సాన పట్టకముందే రెండు చేసిండు."

డ్రైవర్ అరబీలో చెప్పాడు. పెద్దాయన కాగితాన్ని రెండుసార్లు తనే ఆనించి చూసుకున్నాడు. తర్వాత నవ్వు మొదలైంది. నా వీపు మీద చరిచాడు. ఇంట్లోవాళ్ళందరినీ పిలిచి ఆ గుంటల్లో లైటు వేసి చూపించాడు. నాకు కాఫీ తనే పోశాడు. ఖర్జూరాలు తిన్నకొద్దీ పెట్టాడు.

ఆ గుంటల ఫొటోలు పెద్దాయన పంపితే, నాలుగు రోజులకు అమెరికా నుంచి జవాబు వచ్చింది. రెండూ ఒకే పనిబల్ల మీద తయారైనట్టే ఉన్నాయని నిపుణుడు ఒప్పుకున్నాడు. ఇదెవరు కనిపెట్టారని కూడా అడిగాడట. ఆ మాట చెప్పేటప్పుడు డ్రైవర్ ఛాతీ నాకంటే ఎక్కువ ఉబ్బింది. "నేను తెచ్చిన మనిషేనన్నా!"

ఇంటికి ఫోన్ చేసి అంతా చెప్పాను. నా భార్య మధ్యలోనే ఆపింది. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే.

"దుబాయ్‌ల తుపాకులు పట్టుకుంటున్నవా?"

"పట్టుకోలే. పట్టుకోనియ్యలే ముసలాయన. లోపలికి తొంగి సూశ్న, గంతే."

"తొంగి సూత్తేనే గింత మురిసిపోతున్నవా!" అని పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను.